కప్పు కింద గాలికి దారి

అమెరికాలో చలికాలం గడిపిన మనవాళ్లకు సీలింగ్ ఫ్యానుకుండే చిన్న మీట తెలుసు. దాన్ని జరిపితే రెక్కలు ఎదురు తిరిగి, పైన పోగైన వేడిగాలిని గోడల వెంట కిందికి దింపుతాయి. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పాత ఇళ్లు కట్టినవాళ్ల తిప్పలు దీనికి తలకిందులు. ఆ గాలి మనిషి నెత్తి మీదికి రాకూడదు. ఘనమీటరు గాలి 20 డిగ్రీల దగ్గర 1.2 కిలోలు తూగితే 40 డిగ్రీల దగ్గర 1.13 కిలోలే. వాళ్ల పనితనమంతా ఈ కాస్త తేడా మీదే నడిచింది.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి, మాగాణి పండి, చేతిలో డబ్బు ఆడాక ఈ డెల్టాలో టేకు దూలాల ఇళ్లు లేచాయి. వాటిలో గది మీద చెక్కలు పరిచి అటక వేశారు. కాగిన గాలి అటక పైనే ఉండిపోతుంది, కింద పడుకున్నవాళ్లకు దాని సెగ తగలదు.

ఆపైన పెంకు. మంగుళూరులో బాసెల్ మిషన్ 1865లో కార్ఖానా పెట్టి చేయించిన రకం ఇది. ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. అంచున గాడి ఉంటుంది, పక్క పెంకు అంచు అందులో కూర్చుంటుంది. సున్నం లేదు, సిమెంటు లేదు, బద్దలకు తగిలించడమే. వాన జారిపోతుంది. వేడిగాలి మాత్రం ఆ సందుల్లోంచి తప్పుకుంటుంది.

మండువా ఇంట్లో ఆ గాలికి నడిమింట్లోనే ఆకాశం తెరిచి పెట్టారు. అది పైకి పోతుంటే వీధి గుమ్మం నుంచీ పెరటి నుంచీ గాలి లోపలికి వస్తుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం డాబా ఇళ్ల వెంటిలేటరు. అద్దాల రెక్క నడుమన ఇరుసు, కిందికి వేలాడే తాడు. తాడు సడలిస్తే రెక్క పైఅంచు లోపలికీ కిందిఅంచు బయటికీ వాలుతుంది. జల్లు కొడితే నీళ్లు బయటికే జారతాయి, పైసందులోంచి వేడిగాలి పోతూనే ఉంటుంది. వానకూ గాలికీ కలిపి ఒకే రెక్క!

అలాగని ఏసీ అక్కర్లేదంటే నేను నమ్మను. ఆకు కదలని మే నెల ఉక్కలో మండువాలోనూ చెమటలు కారతాయి. అయితే కరెంటు పోయిన రాత్రి, వెంటిలేటరు లేని స్లాబు గది ఊరికే ఉడికిపోతుంది.

ఇల్లు కట్టుకునేవాళ్లకు ఒక్క మాట: స్లాబుకు దగ్గరగా, ఎదురెదురు గోడల్లో ఒక్కో వెంటిలేటరు పెట్టమని మేస్త్రికి ముందే చెప్పండి. గోడ లేచాక గుర్తొస్తే పగలగొట్టించాల్సి వస్తుంది.