తుప్పు పట్టే రాయి

యారాడ కొండెక్కే దారిలో, గట్టి వాన కురిసి వెలిసిన మర్నాడు, రోడ్డు కోసం కొండను కోసిన చోట ఒకసారి ఆగండి. ఒకచోట చెయ్యి పెడితే సుత్తికి కూడా లొంగని రాయి తగులుతుంది. జానెడు పక్కకి జరిగి గోరుతో గీస్తే ఎర్రటి పొడి రాలుతుంది. రెండూ ఒకే రాయి. ఆ పొడిని దోసిట్లోకి తీసుకుని బాటిల్ నీళ్లతో నెమ్మదిగా కడిగితే ఎర్రమట్టి కారిపోయి అడుగున కొన్ని గింజలు మిగులుతాయి. తెల్లగా మెరిసేవి పలుగురాయి పలుకులు. వాటి మధ్య దానిమ్మ గింజ రంగులో, ఆవగింజంత ఉన్నవి గార్నెట్లు. ఒక్కోసారి వేలికి పెన్సిల్ రుద్దినట్టు నల్లటి మరక కూడా అంటుతుంది. అది గ్రాఫైట్.

గాజువాకలో ఇల్లు కట్టినవాళ్లకి ఈ రాయి పేరు తెలియకపోయినా రాయి మాత్రం తెలుసు. పల్లపు స్థలం ఎత్తు చెయ్యడానికి లారీల్లో తోలించే ఎర్ర గ్రావెల్ చాలామటుకు ఇదే, బాగా చివికిపోయిన దశలో. భూవిజ్ఞానులు దీన్ని ఖోండలైట్ అంటారు. టి.ఎల్. వాకర్ అనే ఆయన 1902లో కలహండి ప్రాంతపు రాళ్ల గురించి రాస్తూ అక్కడి ఖోండు గిరిజనుల పేరు పెట్టాడు. మనవైపు కోదులని పిలిచేది వాళ్లనే. ఈ వ్యాసంలో నేను దీన్ని కొండరాయి అనే అంటాను. యారాడ, డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, సింహాచలం కొండలన్నీ ప్రధానంగా ఈ రాయే.

పుట్టుకలో ఇది బంకమట్టి. నీటి అడుగున పేరుకున్న మట్టి, ఇసుక భూమిలోకి పాతిక కిలోమీటర్లు కుంగి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట ఈ రూపానికి వచ్చాయి. అంత లోతున, అంత వేడిలో గట్టిపడ్డ రాయికి పైకి వచ్చాక పడనిది ఒక్కటే, నీరు. గార్నెట్లలో ఇనుముంది. తడి, గాలి తగిలితే ఆ ఇనుము తుప్పు పడుతుంది. సముద్రపు ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండానే కిటికీ గ్రిల్లుకి రంగు లేచిపోవడం చూసిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. గార్నెట్ తుప్పు పడుతుంటే పక్కనున్న ఫెల్డ్‌స్పార్ మెత్తబడి తెల్లటి సుద్దగా మారుతుంది. గింజకీ గింజకీ పట్టు వదిలిపోతుంది. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల ఎరుపు ఈ ఇనుముదే. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద మిగిలే ఎర్రటి, నల్లటి చారల్లో గార్నెట్లు ఈ కొండల నుంచి కొట్టుకొచ్చినవే. అరకు, అనంతగిరి కొండల నెత్తిన ఉన్న బాక్సైట్ కూడా ఈ రాయి చివికి చివికి మిగిలిన అల్యూమినియం ఖనిజమే.

ఇలాంటి రాయితో కళింగ దేశమంతా గుళ్లు కట్టారు. పూరీ జగన్నాథాలయం, కోణార్క సూర్యదేవాలయం ఈ రాయివే. నన్ను ఎప్పటినుంచో పట్టుకున్న ప్రశ్న అదే. కొండ మీదే మట్టైపోయే రాయిని ఏడెనిమిది వందల ఏళ్లు గోడలో ఎలా నిలబెట్టారు?

జవాబులో మొదటి ముక్క నాకు పెందుర్తి వైపు ఒక రాతిపని మేస్త్రి దగ్గర దొరికింది. ముసలాయన. రాళ్ల కుప్ప ముందు గొంతుకూచుని, ఒక్కో రాయినీ చిన్న సుత్తితో తట్టి, తల పక్కకి వంచి వింటున్నాడు. ఒకటి గంటలా మోగింది. ఇంకోటి పగిలిన కుండలా బొయ్‌మంది. "గంట నాగ పలికితేనే పన్లోకి తియ్యాల బాబూ. ఇది గుల్ల. పైకి బాగుంటాది గానీ లోపల నీళ్లు తాగీసింది" అన్నాడు. తర్వాత రాయిని తిప్పి పక్క నుంచి చూపించాడు. సన్నగా, పుస్తకం అంచులా పొరలున్నాయి. ఆ పొరలు కొండలో పడుకున్నట్టే గోడలోనూ పడుకోవాలి. నిలువుగా పెడితే ఎండకీ వానకీ ఒక్కో పొరా పెచ్చులా లేచిపోతుంది. చెవితో వినడం, పొర చూసుకోవడం. ఆయన చేతిలో ఉన్న ఈ రెండూ ఏ కొలత పరికరానికీ తీసిపోవని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో ముక్క, ఏ రాయి ఎక్కడ అన్నది. కోణార్కలో ఇది స్పష్టంగా కనబడుతుంది. 13వ శతాబ్దంలో గాంగ రాజు మొదటి నరసింహదేవుడు కట్టించిన ఆ గుడికి కంటికి కనిపించని పునాదిలో ఎర్రటి లాటరైట్ వేశారు. ఒళ్లంతా కొండరాయి. ద్వారబంధాలకి, సూర్యుడి పెద్ద విగ్రహాలకి మాత్రం మెత్తగా చెక్కుడుపడి, గీత చెరగని ఆకుపచ్చటి క్లోరైట్ తెచ్చారు. గీత గీతా నిలవాల్సిన చోట ఖరీదైన రాయి, బరువు మొయ్యాల్సిన చోట చేతికందిన రాయి. ఆ గాంగులే మన సింహాచలంలోనూ కట్టారు. ప్రధానాలయం గురించి చెప్పే శాసనం 1268 నాటిది. అంతకుముందు 1098-99 నాటి కులోత్తుంగ చోళుడి కాలపు శాసనం కూడా అక్కడుంది. ఇన్ని వానాకాలాల తర్వాత కూడా ఆ అక్షరాలు చదవగలుగుతున్నాం.

కోణార్కలో ఒక పొరపాటూ జరిగిందనిపిస్తుంది నాకు. రాళ్లు కదలకుండా ఇనుప బద్దలతో కుట్టారు. ఆ పని అప్పటికి గొప్ప పనే, అక్కడి ఇనుప దూలాలు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న రాయిని చీలుస్తుంది. లోపలి గార్నెట్లూ ఇనుమే, బయటి బద్దలూ ఇనుమే, పక్కనే సముద్రం. పెద్ద శిఖరం ఏనాడో కూలింది. మిగిలిన జగమోహనం, అంటే ముందరి మండపం, కూలకుండా 1903లో దాన్నిండా ఇసుక పోసి మూసేశారు.

మూడో ముక్క సున్నం. పూరీ గుడికి తరతరాలుగా సున్నం పూస్తూ వచ్చారు. పొర మీద పొర పడి కింద శిల్పాలు కనిపించనంతగా మందమైంది. 1975 తర్వాత పురావస్తు శాఖ ఆ పొరల్ని ఒలవడం మొదలుపెట్టింది. ఒలిచాక శిల్పాలు బయటపడ్డాయి, కింద రాయి ఎంత చివికిపోయిందో కూడా బయటపడింది. 1990లో శిఖరం మీది ఆమలకం నుంచి పెద్ద రాయి ఊడిపడింది. ఆ సున్నాన్ని అందం తెలియనివాళ్లు పూసిన పూత అని చాలామంది కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. సున్నం వాన నీటిని పైపైనే ఆపుతుంది, లోపలి తేమని మాత్రం బయటికి పోనిస్తుంది. పాడైతే పూతే పాడవుతుంది, మళ్లీ పూసుకోవచ్చు. ఈ నేల మీద పూత కొత్త మాట కాదు. సింహాద్రి అప్పన్న నిజరూపం అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే చూస్తాం, ఏడాదంతా స్వామి చందనపు పూతలోనే ఉంటాడు.

రోమ్ కథ ఇక్కడ గుర్తుకొస్తుంది. మనకి అది మరీ దూరపు ఊరేం కాదు, తొట్లకొండ బౌద్ధారామం తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఆ కాలంలో రోమ్‌లో వాళ్లకీ మనలాంటి చిక్కే ఉండేది. ఊరి చుట్టూ దొరికేది అగ్నిపర్వతపు బూడిద గట్టిపడ్డ టఫ్ రాయి. రంపంతో కొయ్యొచ్చు, అంత మెత్తన. వానకీ మంచుకీ పెచ్చులు లేస్తుంది. గట్టిదైన ట్రావెర్టీన్ కావాలంటే తీవోలీ దాకా, దాదాపు 30 కిలోమీటర్లు, వెళ్లాలి. కొలోసియంలో బరువు మోసే స్తంభాలకి ట్రావెర్టీన్ పెట్టారు. వాటి మధ్య గోడలు టఫ్‌తో నింపారు. టఫ్ బయటికి కనబడే చోట సున్నపు గార పూశారు.

క్రీస్తుకు కొంచెం ముందు విట్రూవియస్ అనే వాస్తుశిల్పి చెప్పిన పద్ధతి నాకు మరీ నచ్చింది. మెత్తటి రాయిని ఎండాకాలంలో తియ్యండి, రెండేళ్లు ఆరుబయట పడెయ్యండి, దెబ్బతిన్నవి పునాదిలో వెయ్యండి, చెక్కుచెదరనివి పైకి కట్టండి అన్నాడు. ట్రావెర్టీన్ బరువుకీ వానకీ తట్టుకుంటుంది గానీ నిప్పు తగిలితే పగిలిపోతుందని కూడా రాశాడు. పెందుర్తి మేస్త్రి ఆయన పేరు వినుండడు. ఇద్దరూ ఒకే బడి.

రోమన్ల దగ్గర ఇంకో సంగతి గాజువాకకి సొంత చుట్టంలాంటిది. పొజ్జువోలి దగ్గరి అగ్నిపర్వతపు బూడిదని సున్నంలో కలిపితే అది సముద్రపు నీటిలోనూ గట్టిపడేది, ఓడరేవులు దానితోనే కట్టారు. మన ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుము కరిగాక మీద తేలే చిట్టెం నీళ్లతో ఒక్కసారిగా చల్లార్చితే ఇసుకలా అవుతుంది. దాన్ని నూరి సిమెంటులో కలుపుతారు. స్లాగ్ సిమెంటు ఉప్పునీటికి బాగా తట్టుకునేది అందుకే. వాళ్లకి అగ్నిపర్వతం వండి పెట్టింది, మనకి కొలిమి.

ఆ సిమెంటు మంచిదే, కానీ పాత రాతి గోడకి కాదు. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఊళ్లల్లో పాత గుడి బాగుచేస్తామని రాళ్ల సందుల్లో సిమెంటు కూరుతున్నారు, గోడలకి ఎనామిల్ పెయింటు వేస్తున్నారు. రాయి లోపలి తడికి బయటికి దారి మూసుకుపోతుంది. ఆ తడి గార్నెట్లని పట్టుకుని కూచుంటుంది. నాలుగైదు వానాకాలాలయ్యేసరికి పెయింటుతో పాటు రాయి ముఖం కూడా ఊడొస్తుంది. శిల్పం ముక్కు, వేళ్లు ముందు పోతాయి. ఇసుకని గాలితో కొట్టి గోడలు శుభ్రం చెయ్యడం అంతకన్నా ఘోరం. శతాబ్దాలుగా గట్టిపడ్డ రాతి పైచర్మాన్ని ఒక్క పూటలో గీకేస్తుంది. గుడి మీద ప్రేమతోనే చేస్తున్నారు ఇదంతా, ఆ ప్రేమని ఒక సున్నం మేస్త్రి చేతిలో పెడితే చాలు.

ఇక మన చుట్టూ ఉన్న నల్లరాయి సంగతి. చార్నొకైట్ అంటారు, కొత్తగా పగలగొడితే నూనె రాసినట్టు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంది. కలకత్తాలో జాబ్ చార్నక్ సమాధి రాయిని బట్టి ఆ పేరొచ్చింది. కొండరాయితో కలిసే దొరుకుతుంది గానీ దానంత తొందరగా చివకదు. అందుకే క్రషర్లకి అదే ఇష్టం, మన స్లాబుల్లో కంకరగా పడుతోంది. చెక్కితే వెయ్యేళ్లు గీత నిలిచే రాయి పిండై లారీల్లో పోతుంటే నాకు మనసొప్పదు.

విట్రూవియస్ మాట చదివాక డాబా మీద పిట్టగోడ పక్కన రెండు రాళ్లు పెట్టాను, ఒకటి యారాడ దారిలో రాలిపడ్డ కొండరాయి, ఇంకోటి నల్లరాయి ముక్క. రెండు వానాకాలాలు పోయాయి. నల్లరాయి మీద దుమ్ము తుడిస్తే మొన్న తెచ్చినట్టే ఉంది. కొండరాయి ఒక మూల గింజలు రాలి గరుగ్గా అయింది, దాని కింద గచ్చు మీద అరచెయ్యంత ఎర్రటి మరక పడింది. మొన్న సుత్తితో రెండింటినీ తట్టి చూశాను. ఆ మూల దగ్గర తట్టినప్పుడు కొండరాయి బొయ్‌మంది. నడుం మీద తడితే మాత్రం ఇంకా గంటలాగే మోగుతోంది.