అయిదో అంకంలో గరుత్మంతుడు

వేషం కట్టేవాడికి దుర్మార్గుడి పాత్ర అంత కష్టం కాదు, సన్మార్గుడి పాత్రా అంతే. నాలుగు మాటల వ్యవధిలో దుర్మార్గుడు సన్మార్గుడైపోవాలంటేనే కష్టం. ఆ మార్పు అన్నిటికన్నా పొందికగా కుదిరింది నాగానందంలోని గరుత్మంతుడికేనని నా నమ్మకం. ఏడో శతాబ్దంలో హర్షుడు సంస్కృతంలో రాసిన ఆ నాటకాన్ని వేదం వేంకటరాయశాస్త్రి 1891లో తెనిగించారు. 1899లో నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం స్థాపించి తన నాటకాలు ఆడించారు. కథ మలుపు తిరిగేది సముద్రపు ఒడ్డున. అందుకే నెల్లూరికి తూర్పున ఉన్న కృష్ణపట్నం తీరాన్ని కళ్ళముందు పెట్టుకుని చదివితే ఆ పనితనం బాగా పట్టుబడుతుంది.

ముందు గరుత్మంతుడి చెడు ఎలాంటిదో చూడాలి. ఒకప్పుడు అతను రెక్కల గాలితో సముద్రాన్ని చీల్చి పాతాళంలో దూరి నాగులను ఇష్టం వచ్చినట్టు తినేవాడు. ఆ భయానికే నాగస్త్రీల గర్భాలు జారిపోయేవి. జాతి మొత్తం నశిస్తుందని నాగరాజు వాసుకి ఒక ఒప్పందం కుదుర్చుకున్నాడు: రోజుకొక నాగుడిని ఒడ్డుకు పంపిస్తాం, నువ్వు పాతాళానికి రావద్దు. గరుత్మంతుడు ఒప్పుకున్నాడు, మాట తప్పలేదు. ఈ చిన్న సంగతే తరవాత జరిగే మార్పుకంతటికీ పునాది. ఇతను క్రూరుడే, కానీ కట్టుబాటు ఉన్న క్రూరుడు.

క్రూరత్వం వేరు, కట్టుబాటు వేరు అనే ఈ తేడాకు కొలత పెట్టిన ఆట ఒకటి మన కాలంలో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆడేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక పాత్రను నడుపుతారు. ప్రతి పాత్రకూ అలైన్‌మెంట్ అని ఒక స్వభావ నిర్ణయం ఉంటుంది. మొదట్లో అది కట్టుబాటు, అరాచకం అనే ఒక్క గీత మీదే ఉండేది. కొన్నేళ్ళకు మంచిచెడుల గీత కూడా కలిసింది. 1979లో వచ్చిన ఆట నిర్వాహకుల పుస్తకంలో శాపం తగిలిన శిరస్త్రాణం ఒకటుంది. తలకు పెట్టుకున్న మరుక్షణం పాత్ర స్వభావం తలకిందులవుతుంది. పైగా మారినవాడికి ఆ కొత్త స్వభావమే నచ్చుతుంది, వెనక్కి రావాలని కోరుకోడు. ఎన్నాళ్ళనుంచో ధర్మాత్ముడిగా నడుపుతున్న పాత్రను ఆ క్షణం నుంచి ఎలా నడపాలన్నది ఆడేవాడికి పెద్ద చిక్కు.

ఆ చిక్కు ఎలా విప్పాలో హర్షుడు చూపించాడు. రెండు గీతల్లో ఒక్కదాన్నే కదిలించాడు. మంచిచెడుల గీత మీద గరుత్మంతుడు ఈ కొసనుంచి ఆ కొసకు వెళ్ళిపోతాడు. కట్టుబాటు గీత మీద మాత్రం ఉన్నచోటే ఉంటాడు. రోజుకొకడే అన్న మాట నిలబెట్టుకున్నవాడు కాబట్టే, ఇక ఎవ్వరినీ చంపనని ఒట్టు పెట్టుకున్నప్పుడు మనం నమ్ముతాం. బలం, వేగం, దూకుడు అన్నీ పాతవే. అవి ఎటు తిరిగాయన్నదే కొత్త.

ఇక మార్పు దగ్గరికి కథను ఎలా నడిపించాడో మెట్టుమెట్టుగా చూడాలి. నాలుగో అంకంలో కథానాయకుడు జీమూతవాహనుడు బావమరిది మిత్రావసుతో కలిసి ఒడ్డున నడుస్తూ తెల్లటి గుట్టలు చూస్తాడు. మబ్బు కమ్మిన కొండ శిఖరాలనుకుంటాడు. ఇన్నాళ్ళూ గరుత్మంతుడు తిన్న నాగుల ఎముకలవి. నెల్లూరు తీరంలో ఉప్పు కొటార్ల పక్కన పోసిన తెల్లటి రాశులను దూరం నుంచి చూసినవాడికి ఆ పొరపాటు ఎంత సహజమో తెలుస్తుంది. పాత్ర రంగం మీదకు రాకముందే దాని లెక్క మన ముందు గుట్టగా పడింది.

ఆ రోజు వంతు శంఖచూడుడనే నాగుడిది. వాడి తల్లి ఏడుస్తోంది. బలికి గుర్తుగా కట్టుకోవలసిన ఎర్రబట్టల జత వచ్చింది. వాడి బదులు తాను వెళ్తానంటాడు జీమూతవాహనుడు. శంఖచూడుడు ససేమిరా ఒప్పుకోడు, ఎర్రబట్టలు ఇవ్వడు, గోకర్ణేశ్వరుడికి ప్రదక్షిణం చేసివస్తానని తల్లితో వెళ్తాడు. సరిగ్గా అప్పుడే అంతఃపురపు కంచుకి వస్తాడు, కొత్త అల్లుడికి అత్తగారు పంపిన బట్టలతో. పెళ్ళి మర్యాదగా వచ్చిన ఆ జత కూడా ఎర్రదే. పెళ్ళిబట్ట కట్టుకునే జీమూతవాహనుడు వధ్యశిల, అంటే బలిరాయి, ఎక్కుతాడు. కథకు కావలసిన వస్తువును ఇంత సహజంగా, ఇంత బాధగా చేతికందించిన చోటు ఇంకొకటి నాకు తెలియదు. ఆ ఎర్రబట్ట లేకపోతే గరుత్మంతుడు పొరపడడు, పొరపడకపోతే మారడు.

అతను మారేది మూడు మెట్లలో. జీమూతవాహనుడిని నాగుడనుకుని ఎత్తుకుపోతుంటే ఆకాశం నుంచి పూలవాన కురుస్తుంది. తన వేగానికి పారిజాతం ఊగి పూలు రాలాయనుకుంటాడు. ఇది మొదటి మెట్టు: సూచన అందింది, గర్వం దాన్ని తోసేసింది. రెండో మెట్టు కొండ మీద, తింటూ ఉండగా. పుట్టినప్పటినుంచీ పాములను తింటున్నవాడికి ఇలాంటిది ఎన్నడూ తగల్లేదు. ఇతనికి నొప్పి లేదు, దిగులు లేదు, మిగిలిన ఒంటి మీద పులకింత ఉంది, చంపేవాడిని ఉపకారం చేసినవాడిని చూసినట్టు చూస్తున్నాడు. గరుత్మంతుడు తినడం ఆపి, నువ్వెవరని అడుగుతాడు. ఒంట్లో నెత్తురూ మాంసమూ ఇంకా ఉన్నాయి, నీకు తనివి తీరలేదు, ఎందుకు ఆపావని జీమూతవాహనుడు ఎదురడుగుతాడు. మూడో మెట్టు శంఖచూడుడు పరుగున రావడం. రొమ్ము మీద స్వస్తిక గుర్తు, రెండు నాలుకలు, పడగలు చూపించి అసలు నాగుడిని నేనంటాడు. అప్పుడు తెలుస్తుంది గరుత్మంతుడికి తను తిన్నది ఎవరినో.

రెండో మెట్టును ఆడటానికి నటుడు పుస్తకం మూసి కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాలంటాను. ఇలాంటి ఏటిముఖాల్లో పడవల చుట్టూ గరుడపక్షులు తిరుగుతుంటాయి. తలా రొమ్మూ తెలుపు, మిగతా ఒళ్ళు ఇటుక రంగు. ఆ పక్షి నీళ్ళమీద వాలి చేపను కాలిగోళ్ళతో ఎత్తుకుంటుంది, ఎగురుతూనే కాలు ముందుకు తెచ్చి, మెడ వంచి కొరుక్కుంటుంది. ఆ తినడంలో కోపం లేదు, ఆకలే ఉంది. రంగం మీద గరుత్మంతుడు పళ్ళు కొరికితే పని చెడుతుంది. మెడ వంగడం, కొరకడం, లేవడం ఒకే లయలో సాగాలి. ఆ తరవాత ఒకసారి వంగిన మెడ లేవకూడదు. ఆ లయ తెగినచోటే మనసు మారింది. మాట తరవాత వస్తుంది.

ఇంకో సూక్ష్మం. తప్పు తెలిసిన వెంటనే గరుత్మంతుడు నిప్పులో దూకి చస్తానంటాడు. నాకు ఇది ఎంతో నచ్చిన చోటు. మనసు మారింది కానీ అలవాటు మారలేదు. నిన్నటిదాకా ఇతరుల ప్రాణం మీదికి దూకినవాడు ఇప్పుడు తన ప్రాణం మీదికి దూకుతున్నాడు. కొనప్రాణంతో ఉన్న జీమూతవాహనుడు ఆ దూకుడును ఆపి దారి మళ్ళిస్తాడు: చంపడం మానెయ్యి, చేసినదానికి పశ్చాత్తాపపడు, ప్రాణులన్నిటికీ అభయమిచ్చి పుణ్యం కూడబెట్టు. లోతైన మడుగులో వేసిన ఉప్పులా పాపం అందులో కరిగిపోతుందంటాడు. గరుత్మంతుడు ఒట్టు పెట్టుకుంటాడు. జీమూతవాహనుడు కన్నుమూయగానే, అదే రెక్కలతో, అదే వేగంతో అమృతం కోసం స్వర్గానికి ఎగురుతాడు. గౌరీదేవి వచ్చి జీమూతవాహనుడిని బతికిస్తుంది. గరుత్మంతుడు తెచ్చిన అమృతపు జల్లుకు ఒడ్డున ఉన్న ఎముకల గుట్టలు నాగులై లేచి సముద్రంలోకి పాకుతాయి. నాలుగో అంకంలో కళ్ళకు చూపించిన బాకీని రచయిత అయిదో అంకంలో అక్కడే, అదే ఒడ్డున, చివరి ఎముకదాకా తీర్పించాడు. క్షమించమని అడిగించి ఊరుకోలేదు.

భాషలోనూ ఇదే నిగ్రహం. సంస్కృత మూలంలో గరుత్మంతుడు మారకముందూ సంస్కృతమే మాట్లాడతాడు, మారాకా సంస్కృతమే. పాత్రకు తగిన భాష ఉండాలని పట్టుబట్టి తెలుగు నాటకంలో పాత్రోచిత భాషను నిలబెట్టిన వేదం వారు ఇలాంటి నాటకాన్ని ఎంచుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించే సంగతి.

ఆటలో శిరస్త్రాణం తగిలిన పాత్రను నడిపే కుర్రకారుకు నేను చెప్పేది ఒకటే: గొంతు మార్చకండి, నడక మార్చకండి, మీ పాత్రలో కదలకూడని గీత ఏదో ముందు తేల్చుకోండి. నెల్లూరు నాటక సమాజాల వారికి ఒక మనవి. నాగానందం మొత్తం ఆడలేకపోతే పోనీ, నాలుగు, అయిదు అంకాలైనా ఒకసారి కృష్ణపట్నం ఒడ్డున ఆడండి.