మాండలిన్ చేత పాడించినవాడు

మా చిన్నప్పుడు ఆత్మకూరులో శ్రీరామనవమి పందిట్లో బుర్రకథ పెట్టించేవారు. కథకుడు భుజాన తంబురా వేసుకుని అడుగులేస్తూ కథ చెబితే, అటూ ఇటూ ఇద్దరు గుమ్మెటలు వాయిస్తూ వంత పలికేవారు. యుద్ధమొచ్చినా ఏడుపొచ్చినా ఆ తంబురా తీగ మాత్రం పట్టిన నాదం వదిలేది కాదు. కథంతా దాన్ని ఆనుకునే నడిచేది.

చాలా ఏళ్లకు స్పెయిన్ వాళ్ల 'అస్తూరియాస్' గిటార్ మీద విన్నాను. నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ తంబురానే. బొటనవేలు మంద్రపు తీగల మీద పాట నడిపిస్తుంటే, ఇంకో తీగ తెరిపి లేకుండా ఒకే స్వరం పలుకుతూ ఉంటుంది. విచిత్రమేమంటే, దాన్ని కట్టిన అల్బెనిజ్ గిటార్ కోసం కట్టలేదు, పియానో కోసం కట్టాడు. తన దేశపు పల్లె గిటార్ ఆయన చెవిలో అంతగా నాటుకుపోయింది. పియానో ముందు కూర్చున్నా వేళ్లు గిటార్‌నే పలికించాయి. తర్వాత గిటార్ విద్వాంసులు దాన్ని తమ ఇంటికి తెచ్చేసుకున్నారు. అక్కడే మాన్యుయెల్ ది ఫాయా అనే మహానుభావుడు 1922లో కవి లోర్కాతో కలిసి గ్రనడాలో పల్లెపాటకు పోటీ పెట్టించాడు. జిప్సీల గొంతులో బతుకుతున్న ఆ పాత పాట చెడిపోతోందన్నదే ఆయన బాధ. శాస్త్రీయ సంగీతానికి ప్రాణం ఎక్కడి నుంచి వస్తోందో ఆయనకు తెలుసు.

మనకు మాత్రం తెలియదా? యదుకుల కాంభోజి రాగానికి ఎరుకల కాంభోజి అనే పేరు పెద్దల నోట ఉండనే ఉంది. చెంచు కాంభోజి పేరే చెబుతోంది, ఏ కొండల నుంచి దిగివచ్చిందో. పున్నాగవరాళి వింటే పాములవాడి బూర కళ్లముందు కదలాల్సిందే. నీలాంబరి తల్లి ఒడిలోని లాలిపాట. త్యాగయ్య పూర్వీకుల ఊరు కాకర్ల మన ఉదయగిరికి ఉత్తరాన, కంభం సీమలో ఉంది. ఆ మహానుభావుడు ఘనరాగ పంచరత్నాలు చేసిన చేత్తోనే దివ్యనామ కీర్తనలను భజన గోష్ఠిలో పదిమందీ అందుకునేలా కట్టాడు. పల్లెపాటను చిన్నచూపు చూసేవాళ్లు ఆ కీర్తనల ముందు నోరు మూసుకోవలసిందే.

పాట సంగతి అది. ఇక తీగ సంగతి. మన సంగీతానికి గమకమే ప్రాణం. తోడి రాగంలో గాంధారం నిలబడే స్వరం కాదు, ఊగే స్వరం. వీణ మీద అది సాధ్యమే. మైనంలో పొదిగిన ఇరవై నాలుగు మెట్లలో ఒకదాని మీద వేలు పెట్టి తీగను పక్కకు లాగితే, ఆ ఒక్క మెట్టు మీదే మూడు నాలుగు స్వరాలు పలుకుతాయి. కాకినాడ చిట్టిబాబు 'కొమ్మలో కోయిల'లో కోయిలను కూయించింది ఆ లాగుడుతోనే.

మరి మాండలిన్? దాని తీగలు పొట్టివి, బిగువైనవి, పైగా జంటలు జంటలుగా ఉంటాయి. రెండు తీగలను ఒకే వేలితో సమంగా లాగడం ఎవరి తరం? మీటిన నాదం టక్కుమని ఆరిపోతుంది, గమకం సగంలోనే తెగుతుంది. కర్ణాటక సంగీతానికి ఇది పనికిరాదని పెద్దలన్నారంటే అందుకే. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆ మాటను తిరగరాశాడు. జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు కట్టాడు. విద్యుత్ మాండలిన్ పట్టాడు కాబట్టి నాదం నిలిచింది. నిలిచిన నాదాన్ని వేలితో ఊపాడు, జారించాడు, గొంతు పలికినట్టు పలికించాడు. 1978లో గుడివాడలో కచేరీ చేసేనాటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్లు! మద్రాసు సభలు నెత్తిన పెట్టుకున్నాయి, పద్మశ్రీ వచ్చింది, ప్రపంచమంతా తిరిగాడు. అయినా నేను ముందుగా దండం పెట్టేది ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. వాయిద్యం అలవాట్లు కాదు, గొంతు అలవాట్లు వేళ్లకు వచ్చాయి. స్పెయిన్‌లో చూపులేని స్వరకర్త రోద్రిగో కూడా గిటారిస్టు కాకపోయినా 1939లో గిటార్‌కు 'అరన్హువేజ్' అనే రచన కట్టి ఇచ్చాడు. ఆ దేశంలో ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువ. మనలో సుబ్బరాజు గారి పేరు ఎందరికి తెలుసు? తెలుగువాడి గొప్ప మద్రాసు చెబితేగాని మనకు వినపడదా?

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు. తమ్ముడు రాజేష్ ఆ వాద్యాన్ని పట్టుకుని ఉన్నాడు.

నా కడుపుమంట వేరే. పోయిన నవమికి మా పక్క ఊరి పందిట్లో ఒక కీబోర్డు పెట్టారు. ఒక మీట నొక్కితే వీణ, ఇంకోటి నొక్కితే మాండలిన్, మరోటి నొక్కితే సన్నాయి. లాగడానికి తీగ లేదు, ఆనడానికి వేలు లేదు. గాంధారం కర్రలా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఉదయగిరి ఆడవాళ్లు చెక్కతో గరిటె చెక్కుతుంటే పక్కన కూర్చుని చూడండి. అంచు నునుపు తేలేదాకా వాళ్లు చెయ్యి ఆపరు. ఆ గరిటె పక్కన ప్లాస్టిక్ గరిటె పెట్టి రెండూ ఒకటేనంటే ఒప్పుకుంటామా? మరి చెవి దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఒప్పుకుంటున్నాం? బుర్రకథ దళానికి ఇచ్చే సంభావన దగ్గర బేరమాడి, సౌండు బాక్సులకు మాత్రం అడిగినంతా ఇస్తున్నాం. ఇది బీదతనం కాదు, చెవిటితనం.

వచ్చే నవమికి చందా పుస్తకం పట్టుకుని మీ గడపలోకి వచ్చినవాళ్లను ఒక్క మాట అడగండి: "పందిట్లో వాయించేది మనిషేనా?" అవునంటే రెండింతలు రాయండి.