పచ్చదనము, న్యాయము: జూలియన్ అగ్యెమాన్ వాదనపై ఒక విమర్శ

పర్యావరణము అనగానే మొక్కలు నాటడము, ప్లాస్టిక్ మానడము అనే రెండు మాటలతో మన ప్రసంగాలు తరచుగా ముగుస్తాయి. ఈ పరిమితిని ప్రశ్నించిన నగర అధ్యయన పండితులలో జూలియన్ అగ్యెమాన్ ముఖ్యుడు. ఆయన అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. రాబర్ట్ బుల్లార్డ్, బాబ్ ఎవాన్స్‌లతో కలిసి 2003లో వెలువరించిన సంపుటిలోను, 2005లో పర్యావరణ న్యాయముపై రచించిన గ్రంథములోను ఆయన వాదన ఒక్కటే. ప్రకృతి హద్దులకు లోబడి జీవించడము, అందరికీ న్యాయముగా మంచి జీవితము కలిగించడము వేరు వేరు పనులు కావు. సమానత్వమును పక్కనబెట్టిన పచ్చదనము సుస్థిరము కాదు.

ఈ వాదనకు గట్టి పునాది ఉన్నది. 1970ల చివర హ్యూస్టన్ నగరములో బుల్లార్డ్ జరిపిన పరిశోధనలో, నగర యాజమాన్యములోని ఐదు చెత్త పూడ్చే స్థలాలూ నల్లజాతివారి పేటలలోనే ఉన్నట్టు తేలింది. జనాభాలో వారు నాలుగో వంతు మాత్రమే. ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు ఎక్కడున్నాయో చెప్పే అంశాలలో జాతియే ప్రధానమని 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ నివేదిక చూపింది. ఆ లెక్కలు తీసినది ఒక క్రైస్తవ సంఘమని మన కాపరులు గమనించాలి.

అయితే ఈ కొలమానము నంద్యాలకు, ఆళ్లగడ్డకు సరిపోతుందా? కొంతవరకు సరిపోతుంది. కుందూనది పొంగితే ఎవరి ఇండ్లు మునుగుతాయి, పట్టణపు చెత్త ఎవరి వాడ పక్కన చేరుతుంది అని పటము గీసి అడగవచ్చు. కాని పటము చూపని హాని కూడ ఉన్నది. చెత్త ఎక్కడ పడుతున్నది అనేది సగము ప్రశ్న. దానిని ఎవరి చేతులు ఎత్తుతున్నవి అనేది మిగతా సగము. మన దేశములో కులము నివాసమునే గాక వృత్తిని కూడ నిర్ణయించింది. పారిశుద్ధ్య కార్మికుడు ఏ వీధిలో నివసించినా హాని అతని పనిలోనే ఉన్నది. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి ఊపిరితిత్తులకు రాతిధూళి చేసే చేటు కూడ ఇటువంటిదే. 2013 నాటి గ్రంథములో అగ్యెమాన్ ఆహారము, స్థలము, సంస్కృతి వరకు చర్చను విస్తరించారు. కులవృత్తి మాత్రము దానికి కేంద్రము కాలేదు.

ఈ లోటును పూరించే ఆలోచన తెలుగువారి నుండే వచ్చింది. కోలార్ బంగారు గనుల ప్రాంతములో తెలుగు పారిశుద్ధ్య కార్మికుల కుటుంబములో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ స్థాపకులలో ఒకరు. ఆ సంస్థ 2003లో వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పునిచ్చింది. 1993 నుండి మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున చెల్లించాలని ఆదేశించింది. 2023 అక్టోబరులో మరొక వ్యాజ్యములో ఆ పరిహారము 30 లక్షలకు పెరిగింది.

యిర్మీయా 29:7 పట్టణ క్షేమమును వెదకమని చెరపట్టబడినవారికి చెబుతుంది. పట్టణమును శుభ్రపరచేవారి క్షేమము అందులో మొదటిది కావాలి. మన సంఘ సభ్యులలో అనేకులు వారి బిడ్డలే. కాబట్టి వేదాంత విద్యార్థులు అగ్యెమాన్‌ను తప్పక చదవాలి. వాటితో పాటు తమ పురపాలక సంఘములో కాలువ పనికి ఎవరు వెళ్తున్నారో, చేతితొడుగులు, వైద్య పరీక్షలు అందుతున్నవో లేదో విచారించాలి. ఆ విచారణ లేని పర్యావరణ దైవశాస్త్రము అసంపూర్ణమని మా అభిప్రాయము.