బెల్వెడేర్ నుంచి శామీర్‌పేట దాకా: బి.ఎస్. కేశవన్ గ్రంథాలయ సేవ, తెలుగు పుస్తక నమోదు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్వతంత్ర భారతదేశంలో జాతీయ గ్రంథాలయానికి తొలి సారథి బి.ఎస్. కేశవన్ (1909-2000). ఆయన ఉద్యోగ జీవితాన్ని గ్రంథాలయ శాస్త్ర చరిత్రకారులు తరచు ప్రశంసాత్మకంగానే చూశారు. ఆయన నిర్మించిన వ్యవస్థ తెలుగు పుస్తకానికి ఏమిచ్చింది, ఏమివ్వలేకపోయింది అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. గ్రంథ సమర్పణ చట్టం (1954), భారత జాతీయ గ్రంథసూచి (1958), సాహిత్య అకాడమీ గ్రంథసూచి, ముద్రణ చరిత్ర అనే నాలుగు కృషులను ఆధారం చేసుకొని, హైదరాబాదు ఉత్తర శివారు మండలాలైన మేడ్చల్, శామీర్‌పేటలలో వెలువడే ఒక సాధారణ తెలుగు పుస్తకం కోణం నుంచి వాటి బలాబలాలను నిర్ధారించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: జాతీయ గ్రంథాలయం, కేశవన్, గ్రంథసూచి, గ్రంథ సమర్పణ, రోమన్ లిపి, గోలకొండ కవుల సంచిక, మేడ్చల్, శామీర్‌పేట.

1. ప్రవేశిక:
కవిని కావ్యంతో అంచనా వేస్తాం. పరిపాలకుణ్ణి శాసనంతో, కట్టడంతో అంచనా వేస్తాం. గ్రంథపాలకుణ్ణి దేనితో అంచనా వేయాలి? ఆయన అధికారంలో ఉన్న కాలంలో ఎన్ని పుస్తకాలు చేరాయన్న లెక్క ఒక కొలమానమే కాని, అది చాలదు. ఆయన పదవి నుంచి తప్పుకున్న తరువాత కూడా పుస్తకం తనంత తానుగా వచ్చి చేరే మార్గాన్ని ఏర్పాటు చేశాడా, వచ్చిన పుస్తకం వెదికేవానికి దొరికేలా నమోదు చేశాడా అన్నవే అసలు ప్రశ్నలు. తెలుగు పరిశోధకునికి ఇవి దూరపు ప్రశ్నలు కావు. పూర్వపరిశోధన సమీక్ష రాసే ప్రతి విద్యార్థీ గ్రంథసూచి మీద ఆధారపడతాడు. సూచిలో లేని పుస్తకం అతని దృష్టిలో రాయని పుస్తకంతో సమానం.

2. ఉద్యోగ జీవితం - రూపురేఖలు:
బళ్ళారి శామణ్ణ కేశవన్ మద్రాసు మైలాపూరులో జన్మించారు. పేరులోని మొదటి మాటే తెలుగు, కన్నడ సీమల సరిహద్దును గుర్తుచేస్తుంది. మైసూరులో కళాశాల అధ్యాపకునిగా పనిచేసి, ఆ తరువాత ప్రభుత్వ సేవలో ప్రవేశించారు. 1947లో కలకత్తాలోని ఇంపీరియల్ లైబ్రరీ బాధ్యత స్వీకరించారు. దేశ విభజనతో అప్పటి గ్రంథపాలకుడు అసదుల్లా పాకిస్తాన్ వెళ్ళిపోయిన సందర్భమది.

ఆ సంస్థకు అప్పటికే సుదీర్ఘ చరిత్ర ఉంది. 1836లో ప్రారంభమైన కలకత్తా పబ్లిక్ లైబ్రరీని, ప్రభుత్వ శాఖల గ్రంథాలయాల కలయికతో 1891లో ఏర్పడిన ఇంపీరియల్ లైబ్రరీని కలిపి, కర్జన్ 1903లో మెట్కాఫ్ హాలులో ప్రజలకు తెరిచాడు. తొలి గ్రంథపాలకుడు జాన్ మాక్‌ఫర్లేన్ బ్రిటిష్ మ్యూజియం నుంచి వచ్చినవాడు. తరువాతివాడైన హరినాథ్ డే బహుభాషావేత్తగా ప్రసిద్ధుడు. అయితే ఆ సంస్థ ప్రధాన దృష్టి ఆంగ్ల గ్రంథాల మీదనే ఉండేది. కేశవన్ చేతికి వచ్చింది పేరున్న గ్రంథాలయమే గాని, దేశభాషల పుస్తకాన్ని సేకరించే బాధ్యత చట్టరీత్యా ఉన్న సంస్థ కాదు.

1948లో చట్టం ద్వారా దాని పేరు జాతీయ గ్రంథాలయంగా మారింది. బెల్వెడేర్ భవనానికి తరలింది. 1953 ఫిబ్రవరి 1న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానిని ప్రజలకు అంకితం చేశారు. ఒకప్పుడు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు నివసించిన మందిరంలో సామాన్య పాఠకుడు కూర్చుని చదువుకొనే స్థితి రావడం ప్రతీకాత్మకంగా గొప్పదే. కాని పేరు మార్పు, భవనం మార్పు గ్రంథాలయాన్ని జాతీయం చేయవు. దానికి అవసరమైన మూడవ మార్పు 1954లో వచ్చింది.

3. గ్రంథ సమర్పణ చట్టం:
1954 నాటి గ్రంథ సమర్పణ (ప్రజా గ్రంథాలయాల) చట్టం ప్రకారం దేశంలో ఏ భాషలో పుస్తకం ప్రచురించినా, ప్రచురణకర్త 30 రోజుల లోపల తన సొంత ఖర్చుతో ఒక ప్రతిని జాతీయ గ్రంథాలయానికి, మరొక్కొక్క ప్రతిని ప్రభుత్వం ప్రకటించే మరి మూడు గ్రంథాలయాలకు పంపాలి. కలకత్తాకు పంపే ప్రతి మేలైన కాగితం మీద అచ్చయినదై, పటాలు, చిత్రాలు అన్నీ సమగ్రంగా ఉన్నదై ఉండాలి. 1956 సవరణతో వార్తాపత్రికలు కూడా ఈ పరిధిలోకి వచ్చాయి.

'ఏ భాషలోనైనా' అన్న మాటలోనే ఈ చట్టం ప్రజాస్వామ్య స్వభావం ఉంది. లండన్‌లో అచ్చయిన ఆంగ్ల గ్రంథానికీ, తెనాలిలో అచ్చయిన శతకానికీ అలమారలో సమాన స్థానం దక్కే అవకాశం దీనితో ఏర్పడింది. అయితే దాని బలహీనత కూడా దానిలోనే ఉంది. ఉల్లంఘనకు శిక్ష 50 రూపాయలకు మించని జరిమానా, పుస్తకం విలువ. బాధ్యత మొత్తం ప్రచురణకర్తది, తపాలా ఖర్చు కూడా అతనిదే. పెద్ద ప్రచురణ సంస్థలు గల భాషలో ఈ నియమం ఎంతోకొంత నడుస్తుంది. రచయితే ప్రచురణకర్త అయిన భాషలో ఇది కాగితం మీదనే మిగిలే ప్రమాదం ఉంది. తెలుగు ఈ రెండవ కోవకు చెందినది. లోపలి పుటలో 'ప్రతులకు' అన్న శీర్షిక కింద రచయిత ఇంటి చిరునామాయే కనిపించే పుస్తకాలు తెలుగులో కోకొల్లలు.

4. భారత జాతీయ గ్రంథసూచి - లిపి సమస్య:
చట్టం ద్వారా వచ్చిన పుస్తకాలను నమోదు చేయడానికి కేశవన్ సారథ్యంలో రూపొందినదే భారత జాతీయ గ్రంథసూచి. 1957 చివరి త్రైమాసికానికి సంబంధించిన తొలి సంచిక 1958 ఆగస్టు 15న వెలువడింది. తెలుగుతో సహా 14 భాషల పుస్తకాలను ఒకే వర్గీకృత క్రమంలో చూపడం దీని ప్రత్యేకత. డ్యూయీ దశాంశ వర్గీకరణను ప్రధానంగా అనుసరిస్తూనే, ప్రతి నమోదుకు రంగనాథన్ ద్విబిందు వర్గీకరణ సంఖ్యను కూడా ఇచ్చారు. అన్ని భాషల శీర్షికలనూ సంకేత చిహ్నాలతో కూడిన రోమన్ లిపిలోకి మార్చారు.

ఈ నిర్ణయాన్ని వలస మనస్తత్వంగా కొట్టిపారేయడం సులభం. కాని అది న్యాయం కాదు. ఒకే వరుసలో 14 భాషలను నిలపాలంటే ఒక ఉమ్మడి లిపి కావాలి. విజయనగర చరిత్ర మీద తెలుగు, కన్నడ, తమిళ, ఆంగ్ల గ్రంథాలు ఒకే వర్గసంఖ్య కింద పక్కపక్కన కనిపించడం ఈ పద్ధతి వల్లనే సాధ్యమైంది. తులనాత్మక అధ్యయనానికి ఇది విలువైన సాధనం.

నష్టం మరొక వైపు ఉంది. తెలుగులో హ్రస్వ దీర్ఘాల భేదం, ల-ళల భేదం అర్థాన్ని మార్చేవి. వీటిని రోమన్ లిపిలో చిహ్నాలతోనే చూపగలం. చుక్క, గీత జారిపోతే 'కల', 'కళ', 'కాల', 'కాళ' ఒకే రూపంలో కలిసిపోతాయి. వ్యక్తినామాల సమస్య ఇంకా క్లిష్టం. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. విశ్వనాథ సత్యనారాయణను ఇంటిపేరుతో వెదకాలా, వ్యక్తినామంతో వెదకాలా? శ్రీశ్రీని కలంపేరుతో చూడాలా, శ్రీరంగం శ్రీనివాసరావుగా చూడాలా? సూచి నిర్మాతలకు నియమాలు ఉండవచ్చు గాని, తెలుగు పాఠకునికి ఆ నియమాలు తెలియవు. సొంత భాషలోని పుస్తకాన్ని పరాయి లిపిలో వెదకవలసి రావడం వల్ల, ఈ సూచిని తెలుగు శాఖల పరిశోధకుల కంటే గ్రంథాలయ వృత్తిలోనివారే ఎక్కువగా వాడుకున్నారు. భాషలవారీగా వారి వారి లిపుల్లో విభాగాలు వెలువరించే ప్రయత్నాలు ఈ లోటును గుర్తించినవే.

5. సాహిత్య అకాడమీ సూచి, ముద్రణ చరిత్ర:
కేశవన్ కృషిలో తెలుగు శాఖలకు అత్యంత సన్నిహితమైనది వి.వై. కులకర్ణితో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన సాహిత్య అకాడమీ గ్రంథసూచి. 1901-1953 మధ్య వెలువడిన పుస్తకాల నుంచి ఎంపిక చేసి 4 సంపుటాలుగా ప్రచురించారు. 1962లో మొదటిది, 1974లో చివరిది వచ్చాయి. తెలుగు నాలుగవ సంపుటంలో సింధీ, తమిళం, ఉర్దూలతో పాటు చోటు పొందింది. భాషల ఆంగ్ల అకారాది క్రమం వల్ల మొదటి సంపుటం తరువాత 12 ఏళ్ళకు గాని తెలుగు వంతు రాలేదు. క్రమం ఎంత నిష్పాక్షికమైనా దాని ఫలితం అందరికీ ఒకటి కాదనడానికి ఇది ఉదాహరణ.

మరొక అంశం గమనార్హం. ఈ సూచి 1953తో ఆగింది, జాతీయ గ్రంథసూచి 1957 చివర మొదలైంది. ఈ రెండింటి నడుమ మిగిలిన కాలం ఆంధ్ర రాష్ట్ర అవతరణ (1953) తరువాత, ఆంధ్రప్రదేశ్ అవతరణ (1956) ముందు వెనుకల కాలం. భాషాప్రాతిపదికన రాష్ట్రం ఏర్పడిన ఆ సంవత్సరాల తెలుగు పుస్తకానికి నమోదు పలుచబడటం పరిశోధకులు పట్టించుకోవలసిన విషయం.

జాతీయ గ్రంథాలయ బాధ్యత తరువాత కేశవన్ 1963లో ఢిల్లీలోని జాతీయ వైజ్ఞానిక సమాచార కేంద్రానికి సంచాలకులయ్యారు. జీవితపు చివరి దశలో భారతదేశ ముద్రణ, ప్రచురణల చరిత్రను మూడు సంపుటాలుగా రాశారు. రెండవ సంపుటం కర్ణాటక, ఆంధ్ర, కేరళల ముద్రణ ప్రారంభాలకు కేటాయించినది. నమోదు చేసినవాడే చివరకు చరిత్రకారుడు కావడం ఆయన జీవితంలోని అంతస్సూత్రాన్ని తెలుపుతుంది.

6. తెలుగు గ్రంథాలయోద్యమంతో తులన:
కేశవన్ మార్గం కేంద్రం నుంచి అంచులకు సాగినది. తెలుగువారి మార్గం అంచుల నుంచి కేంద్రానికి సాగింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, కాశీనాథుని నాగేశ్వరరావు 'ఆంధ్ర వాఙ్మయ సూచిక' ఇవన్నీ ప్రభుత్వ ఉత్తర్వులతో పుట్టినవి కావు. చదువరిని తయారుచేయడం ఉద్యమం లక్ష్యం, పుస్తకాన్ని భద్రపరచడం జాతీయ గ్రంథాలయం లక్ష్యం. ఈ రెండూ ఒకదానికొకటి పూరకాలు కావలసి ఉండగా, సమాంతర రేఖలుగానే సాగాయి.

తెలంగాణ సందర్భంలో ఈ భేదం మరింత స్పష్టం. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం బ్రిటిష్ ఇండియాకు వర్తించేది. మద్రాసు ప్రభుత్వం త్రైమాసికంగా ప్రకటించిన పుస్తకాల పట్టికల్లో హైదరాబాదు రాజ్యంలో అచ్చయిన తెలుగు పుస్తకానికి స్థానం లేదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించవలసి రావడానికి ఈ నమోదు లేమి కూడా ఒక నేపథ్యం. ఆ సంచికను కవితా సంకలనంగానే గాక, ఒక ప్రాంతం తన కోసం తాను రాసుకున్న గ్రంథసూచిగా కూడా చదవాలి. రాజ్యం చేయని పనిని ఒక సంపాదకుడు ఉత్తరాల ద్వారా చేశాడు.

7. మేడ్చల్, శామీర్‌పేటల నుంచి చూస్తే:
నిజాం సొంత ఆదాయానికి కేటాయించిన సర్ఫేఖాస్ ప్రాంతంలో, అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో మేడ్చల్ ఒక తాలూకా. నేడు అది 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో భాగం. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, ఆ పరిసరాలలోనే బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం, జీనోమ్ వ్యాలీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. ప్రపంచ విజ్ఞాన భాండాగారాలతో అనుసంధానమైన గ్రంథాలయాలున్న ప్రాంతమిది. ఇక్కడి విశ్రాంత ఉపాధ్యాయుడెవరైనా తన ఊరి చెరువు, గుడి, జాతర, ఇంటిపేర్ల చరిత్రను రాసి, సొంత ఖర్చుతో 300 ప్రతులు వేయించాడనుకుంటే, ఆ పుస్తకం దారి ఏమిటి? ఆవిష్కరణ సభలో కొన్ని ప్రతులు, బంధుమిత్రులకు కొన్ని, శాఖా గ్రంథాలయానికి ఒకటి. కలకత్తాకు ప్రతి పంపాలన్న నియమం అతనికి ఎవరూ చెప్పరు. పొలాలు వెంచర్లుగా మారి, ఊళ్ళ పేర్లు కాలనీల పేర్ల కింద మరుగుపడుతున్న ఈ మండలాల్లో, అటువంటి పుస్తకమే రేపటి చరిత్రకారునికి ప్రధాన ఆకరం. అదే నమోదుకు అందని పుస్తకం.

ఇటీవలి పరిణామం ఈ సమస్యను తీవ్రం చేసింది. 1867 చట్టం స్థానంలో వచ్చిన 2023 నాటి పత్రికల నమోదు చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. పుస్తకాలు దాని పరిధిలో లేవు. కనుక పుస్తకానికి మిగిలిన జాతీయ స్థాయి చట్టబద్ధ ఆశ్రయం కేశవన్ కాలపు 1954 చట్టమే. ఆ చట్టం ముద్రిత, శిలాముద్రిత ప్రతులనే పుస్తకంగా నిర్వచించింది. అంతర్జాలంలోనే పుట్టే పుస్తకాలు, పరిశోధన పత్రికలు దానికి అందవు.

పరిశోధకులు, అధ్యాపకులు ఈ విషయంలో కేవలం బాధితులు కారు. సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా అచ్చు వేయించేటప్పుడు పదోన్నతికి అవసరమైన ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను శ్రద్ధగా సంపాదిస్తారు. ఆ సంఖ్య పుస్తకానికి గుర్తింపు మాత్రమే, గ్రంథాలయానికి ప్రతి సమర్పించినట్లు కాదు. పాత పుస్తకం దొరకలేదని పీఠికలో విచారం వ్యక్తం చేసే పరిశోధకుడే, తన పుస్తకం రేపటివారికి దొరకని స్థితికి కారకుడవుతున్నాడు.

8. ముగింపు:
పై చర్చ ఆధారంగా ఈ నిర్ధారణలు చేయవచ్చు.

1. కేశవన్ ఘనత బెల్వెడేర్ భవనంలో కాదు, తెలుగు పుస్తకానికి ఆంగ్ల పుస్తకంతో సమానంగా జాతీయ భాండాగారంలో చేరే హక్కును వాస్తవ రూపంలోకి తెచ్చిన వ్యవస్థలో ఉంది.

2. రోమన్ లిపి నిర్ణయం తులనాత్మక అధ్యయనానికి మేలు చేసింది, మాతృభాషా పాఠకుణ్ణి సూచికి దూరం చేసింది. లిప్యంతరీకరణ యంత్రసాధ్యమైన నేటి కాలంలో ఈ రెంటిలో ఒకదాన్ని వదులుకోవలసిన అవసరం లేదు.

3. ప్రచురణకర్త మీదనే ఆధారపడిన సమర్పణ విధానం స్వీయ ప్రచురణలు అధికంగా గల తెలుగుకు సరిపోలేదు. జిల్లా గ్రంథాలయ సంస్థ స్థాయిలో ప్రతుల స్వీకరణ, నమోదు జరిగితేనే మేడ్చల్, శామీర్‌పేటల వంటి చోట్ల వెలువడే పుస్తకం జాతీయ సూచిని చేరగలదు.

4. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు తమ జిల్లాల ప్రచురణల వార్షిక పట్టికను తయారు చేయడం పరిశోధనలో భాగం కావాలి. ప్రతాపరెడ్డి 1934లో రవాణా, సమాచార సౌకర్యాలు అరకొరగా ఉన్న రోజుల్లో చేయగలిగిన పని నేటి శాఖలకు అసాధ్యమనడానికి కారణం కనిపించదు.

కేశవన్ నిర్మించిన ద్వారం ఇంకా తెరిచే ఉంది. దాని దాకా పుస్తకాన్ని చేర్చే బాధ్యత తెలుగువారిది.