అమృతా షేర్‌గిల్ చిత్రములు: సంకరమా, సమాసమా?

అమృతా షేర్‌గిల్ (1913–1941) చిత్రములయందుఁ బాశ్చాత్యభారతీయరీతులు కలిసినవని యెల్లరు నందురు. ఆ కలయిక యెట్టిదో విచారింపవలయును. వైయాకరణులు పదములకు వ్యపేక్ష, ఏకార్థీభావము నని రెండువిధముల సామర్థ్యముఁ జెప్పిరి. మొదటిదానఁ బదములు వేఱై యొండొంటి నపేక్షించును. రెండవదాన నొక్కయర్థమై నిలుచును. పారిసునందు 1932లో రచించిన ‘యువతులు’ కేవలము పాశ్చాత్యము. 1935 నాఁటి ‘ముగ్గురు కన్యలు’ వ్యపేక్ష: ముఖములు మనవి, ఆకృతుల కూర్పు గోగాను చిత్రములఁ దలఁపించును. అజంతాగుహలఁ జూచిన పిదప 1937లో వ్రాసిన ‘బ్రహ్మచారులు’ అట్టిది కాదు. తైలవర్ణము పారిసు విద్యయే. కూర్చుండిన యైదుగురి నిశ్చలత భిత్తిచిత్రములది. అయినను వీనిని విడఁదీసినచో రెంటిలో నేదియు మిగులదు. ఇది స్వపదవిగ్రహము లేని నిత్యసమాసము. తైలవర్ణము పరదేశీయమని దీనిని సంకరముగా నిరసించువారు పదములనే చూచిరి, అర్థమును జూడలేదు.