వీసా నీడలో పాత్రచిత్రణ: ప్రవాస కథావిమర్శలో చట్టపఠన ఆవశ్యకత

కీలకపదాలు: ప్రవాస కథ, ఆధారిత వీసా, గృహహింస, పాత్రచిత్రణ, స్త్రీవాద విమర్శ

1. ప్రవేశిక

హైదరాబాదు నాంపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయ ప్రాంగణానికీ క్రిమినల్ కోర్టుల సముదాయానికీ మధ్య దూరం కొద్దిపాటిదే. ఒకచోట స్త్రీవేదన కథావస్తువుగా పరిశోధనకు వస్తుంది. మరొకచోట అదే వేదన ఫిర్యాదుగా నమోదవుతుంది. ఆబిడ్స్ కాలిబాటల మీది ఆదివారపు పాత పుస్తకాల బజారులో కథాసంపుటాలూ న్యాయశాస్త్ర గ్రంథాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ప్రవాస కథావిమర్శలో మాత్రం ఆ రెండూ కలిసే సందర్భాలు తక్కువ. దీనివల్ల పాత్రచిత్రణను అంచనా వేయడంలో ఒక మౌలికమైన పొరపాటు జరుగుతున్నదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

2. స్వభావమా? చట్టమా?

హింసించే భర్తను విడిచి రాని ప్రవాస గృహిణి కథలో ఎదురైనప్పుడు విమర్శకులు సాధారణంగా సహనం, సంస్కారం, పరువు, పితృస్వామ్య భావజాలం అనే పదాలతో ఆమెను వివరిస్తారు. ఇవి అవాస్తవాలు కావు, అసంపూర్ణాలు. అమెరికాలో హెచ్-1బి ఉద్యోగి భార్యకు లభించే హెచ్-4 హోదా పూర్తిగా భర్త హోదాపై ఆధారపడినది. విడాకులతో ఆ హోదా ముగుస్తుంది. 2015 మే 26 వరకు హెచ్-4 గృహిణులకు ఆ హోదాపై ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఆ తరువాత కూడా భర్త శాశ్వత నివాస ప్రక్రియ ఒక దశకు చేరిన కుటుంబాలకే ఆ వెసులుబాటు దక్కింది.

అక్కడ రక్షణ చట్టాలు లేకపోలేదు. 1994 నాటి స్త్రీహింస నిరోధక చట్టం బాధితురాలు భర్త ప్రమేయం లేకుండా స్వయంగా దరఖాస్తు చేసుకునే అవకాశం ఇచ్చింది. అయితే అది అమెరికా పౌరుల, శాశ్వత నివాసుల భార్యలకే. హెచ్-1బి ఉద్యోగి ఈ రెండు వర్గాలలోనూ చేరడు. బాధిత హెచ్-4 గృహిణులకు ఉద్యోగానుమతి కల్పిస్తూ 2006 జనవరిలో సవరణ చట్టరూపం దాల్చినా, దరఖాస్తుల స్వీకరణ 2017లోగాని మొదలుకాలేదు. అది కూడా పని చేసుకొనే అనుమతినిస్తుందే తప్ప విడిగా నివాస హోదాను ఇవ్వదు. నేరబాధితులకు ఉద్దేశించిన యు-వీసాలు ఏడాదికి 10,000 మాత్రమే. ఈ నేపథ్యంలో కథానాయిక మౌనాన్ని స్వభావంగా మాత్రమే చదవడమంటే చట్టం చేసిన పనిని ఆమె వ్యక్తిత్వానికి అంటగట్టడమే.

3. రెండు తీర్పులు – రెండు కథనాలు

స్వదేశానికి తిరిగివచ్చినంత మాత్రాన కథ సుఖాంతం కాదు. ఇందుకు తెలుగు నేలకు సంబంధించిన రెండు సుప్రీంకోర్టు తీర్పులు సాక్ష్యం. మొదటిది 1991 జూలై 9 నాటిది. 1975లో తిరుపతిలో పెండ్లి చేసుకున్న భర్త అమెరికాలోని మిస్సోరి కోర్టులో 1980లో విడాకుల డిక్రీ పొంది, 1981లో యాదగిరిగుట్టలో మరో పెండ్లి చేసుకున్నాడు. హిందూ వివాహ చట్టం గుర్తించని కారణంతో, భార్య అంగీకరించని పరిధిలో వచ్చిన ఆ డిక్రీ చెల్లదని న్యాయస్థానం తేల్చింది.

రెండవది 2011 సెప్టెంబరు 2 నాటిది. భర్త వద్దకు బోట్స్వానా వెళ్ళిన తెలుగు యువతి, అక్కడ వేధింపులు ఎదురయ్యాయని ఆంధ్రప్రదేశ్‌లో ఫిర్యాదు చేసింది. పూర్తిగా విదేశంలో జరిగిన నేరాలపై కేంద్రప్రభుత్వ ముందస్తు అనుమతి లేనిదే విచారణ సాగదని కోర్టు చెప్పింది. ఈ నియమం నేటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 208వ సెక్షన్‌లోనూ ఉంది. మొదటి తీర్పులో విదేశీ కాగితం ఇక్కడ చెల్లలేదు. రెండవదానిలో విదేశంలో పడిన బాధపై విచారణకు మరొక కాగితం కావలసివచ్చింది. ప్రవాస కథలో 'తిరిగి రావడం' అనే ముగింపును విముక్తిగా భావించే పాఠకుడు ఈ వ్యత్యాసాన్ని గమనించాలి.

4. ఆక్షేపణ – సమాధానం

సాహిత్యం న్యాయస్థాన నివేదిక కాదనే ఆక్షేపణ సహజమే. ఇందుకు గురజాడే సమాధానం. 'కన్యాశుల్కం' తొలికూర్పు (1897) ఆంగ్లపీఠికలో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలు 1,034 అని విజయనగర మహారాజు సేకరింపజేసిన లెక్కను ఆయన పేర్కొన్నారు. ఆ లెక్క నాటకాన్ని నివేదికగా మార్చలేదు. నవ్వు వెనుక ఉన్న వ్యవస్థ పరిమాణాన్ని తెలిపింది. వీసా నిబంధనలు నేటి ప్రవాస కథకు అటువంటి పీఠిక కాగలవు.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. చట్టాన్నే సర్వస్వంగా చదివితే ప్రతి హెచ్-4 గృహిణీ బాధితురాలుగా మిగిలిపోతుంది. అమీ భట్ 'హై-టెక్ హౌస్‌వైవ్స్' (2018) ఆ స్త్రీలు వలస కుటుంబాలను నిలబెట్టే శ్రమను, వారి నిర్ణయశక్తిని కూడా పరిశీలించింది. కాబట్టి చట్టం పాత్ర చుట్టూ ఉన్న గోడ మాత్రమే. ఆ గోడ లోపల పాత్ర ఏం చేసిందన్నదే కథ. గోడ ఎత్తు తెలియనివారు ఆ పాత్ర సాహసాన్ని కొలవలేరు.

5. ముగింపు

ప్రవాస కథలను పరిశోధించేవారు పాత్ర వీసా హోదాను, కథాకాలం నాటి నిబంధనను కులం, వర్గం, ప్రాంతం వలెనే విశ్లేషణాంశాలుగా స్వీకరించాలి. 2015కు ముందు జరిగిన కథలో ఉద్యోగం చేయని భార్యకూ, ఆ తరువాతి కథలో చేయని భార్యకూ ఒకే అర్థం చెప్పకూడదు. "ఆమె ఎందుకు బయటికి రాలేదు?" అని పాత్రను ప్రశ్నించే ముందు "బయట ఆమెకు నిలబడేచోటు ఏ చట్టం ఇచ్చింది?" అని అడగడం విమర్శకుని బాధ్యత.